వాగు అవతలి దారి

ఏన్కూరు దాటి అడవి వైపు పోతుంటే, రోడ్డుకు బాగా లోపల మాకు ఒక జామాయిల్ తోట ఉండేది. మాకు అంటే నాకూ, నా పార్ట్‌నర్‌కూ.

ఆయన బోనకల్ దగ్గర రైతు. తండ్రి కాలంలో కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. మిర్చి, పత్తి వేస్తూనే స్థలాల వ్యాపారంలోకి దిగాడు. నేను ఖమ్మంలో బట్టల కొట్టు నడిపినదాన్ని. మిగిలిన దానితో ఒక ప్లాటు కొన్నాను, అది అమ్మి ఇంకోటి కొన్నాను. అట్లా అట్లా కొట్టు మూసేసి ఇదే పనిలో పడ్డాను. మా ఆయనకు రైల్వేలో ఉద్యోగం. నా వ్యాపారం సంగతి అడగడు, నేనూ అన్నీ చెప్పను.

పార్ట్‌నర్ నాకంటే పదిహేనేళ్లు పెద్ద. నన్ను అమ్మాయ్ అంటాడు, నేను అన్నయ్యగారూ అంటాను. ఆయన మీద నాకున్న నమ్మకం ఊరికే వచ్చింది కాదు. మేం కలిసి వేసిన మొదటి వెంచర్లో ఒక వానాకాలం నీళ్లు నిలిచి ప్లాట్లన్నీ మడుగులైపోయాయి. కొన్నవాళ్లంతా కలిసి నా కొట్టు మీదికి వచ్చారు. ఒకాయన గల్లా బల్ల మీద చేత్తో గుద్దుతున్నాడు. పార్ట్‌నర్ బోనకల్ నుంచి బండి మీద తడిసి ముద్దయి వచ్చి నా ముందు నిలబడ్డాడు. "ఆడమనిషి కొట్టు మీద అరవడం దేనికండీ? అమ్మింది నేను. నాతో మాట్లాడండి" అన్నాడు. ఆ వచ్చే ఎండాకాలం కాలువ తవ్వించిందాకా ఆయన ఊరుకోలేదు. నాకా సంగతి ఎప్పుడూ గుర్తే.

జామాయిల్ తోట చూపించింది మా బ్రోకర్. వాళ్లది ఇల్లందు. తండ్రి బొగ్గుబాయిలో చేసి రిటైరయ్యాడు. ఇతను బాయిలోకి దిగనని మొండికేసి మోటారుసైకిల్ మీద ఊళ్లు తిరగడం మొదలుపెట్టాడు. ఏ ఊరికి పోయినా ముందు భూమి మాట ఎత్తడు. వాళ్ల గొడ్లు ఎట్లున్నయో, పిల్లకు దవాఖానాల నయమైందో లేదో అడుగుతాడు. కొనేవాణ్నీ అమ్మేవాణ్నీ ఆఖరు రోజు దాకా ఎదురుపడనివ్వడు. అబద్ధాలు చెప్తాడు, నాకు తెలుసు. చెప్పిన అబద్ధం పట్టుకుంటే నవ్వి ఒప్పుకుంటాడు. అందుకని అతనితో పని చెయ్యడం నాకు కష్టమనిపించలేదు.

తోటకు ఒక పక్కన వాగు. వాగుకు ఇవతల మైదానం, అవతల ఏజెన్సీ. ఏజెన్సీలో గిరిజనులు కానివాళ్లు భూమి కొనడానికి చట్టం ఒప్పుకోదు. మా జిల్లాలో చదువురాని వాళ్లకు కూడా ఆ చట్టం నంబరు నోటికొస్తుంది. అందుకే మేం ఇవతలే కొన్నాం. పట్టా శుభ్రంగా ఉంది. దారి మాత్రం బాగాలేదు. పక్క ఊరి నడిమధ్య నుంచి, పత్తి చేల గట్ల వెంట, మలుపు మీద మలుపు తిరిగే బండ్ల బాట అది.

హైదరాబాద్ కంపెనీ ఒకటి ఆ తోట మీద ఆసక్తి చూపిందని బ్రోకరే కబురు తెచ్చాడు. భద్రాచలం దర్శనానికి పోయేవాళ్లు దారిలో ఆగి రెండు రోజులు ఉండేటట్టు ఫామ్ ప్లాట్లు, చిన్న చిన్న ఇళ్లు, ఈతకొలను కడతారట. భూమి మాది, లేఅవుట్, అమ్మకాలు వాళ్లవి. కంపెనీ మేనేజర్ ముప్పై అయిదేళ్ల మనిషి. మెత్తగా మాట్లాడేవాడు. ప్రతి మాటకూ ముందొక మేడమ్, వెనకొక మేడమ్. మొదటిరోజు డ్రోన్ ఎగరేశాడు. అది వాగు దాటి అవతలి చేల మీదికి పోయింది. అక్కడ కలుపు తీస్తున్న ఆడవాళ్లు నడుము పైకెత్తి, కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని దాన్నే చూశారు. అది వెనక్కి వచ్చిందాకా ఒక్కరూ మళ్లీ వంగలేదు.

అగ్రిమెంటు అయింది. అడ్వాన్సు వచ్చింది. పార్ట్‌నర్ ఆ ధైర్యంతో బోనకల్‌లో ఇంకో వెంచర్‌కు తన మిర్చి చేను బ్యాంకులో పెట్టాడు. తర్వాత నెలలోనే ఖమ్మంలో ఒక హోటల్‌లో కూర్చున్నప్పుడు మేనేజర్ ల్యాప్‌టాప్ మా వైపు తిప్పాడు. తోట నుంచి భద్రాచలం రోడ్డుకు ఎర్రగీత తిన్నగా గీసి ఉంది. అది వాగు దాటి, అవతల కోయవాళ్ల గూడెం చేల మీదుగా పోతోంది.

"ఇది కుదరదు" అన్నాను.

"కొనడం కాదు మేడమ్. ఓన్లీ రోడ్. ఆ ఊరికి కూడా యూజ్ కదా. మా లీగల్ టీమ్ చూసుకుంటుంది."

బ్రోకర్ నా వైపు వంగాడు. "అక్కా, అవసరమైతే వాళ్ల మనిషే ఉన్నడు. ఆయన పేరు మీద నడిపిచ్చుకోవచ్చు. అందరు చేసేదే."

"అందరూ చేసింది నాకొద్దు. వాగు దాటితే నేను లేను. ఉన్న బాటనే వెడల్పు చేయించుకుందాం. ఇవతలి రైతులతో నేను మాట్లాడతా."

మేనేజర్ నవ్వి ల్యాప్‌టాప్ మూశాడు. పార్ట్‌నర్ కాఫీ కప్పు పట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. ఆయన ఏమీ అనకపోవడం నాకు అప్పుడు నాతో ఒప్పుకున్నట్టే అనిపించింది.

ఇవతలి రైతులతో నేను మాట్లాడుతూనే ఉన్నాను. ఇద్దరు ఒప్పుకున్నారు, ఒకాయన బిగుసుకు కూర్చున్నాడు. ఈలోగా ఎండలు వచ్చాయి. శ్రీరామనవమి ఇంకా ఒకటి రెండు రోజులుందనగా, పొద్దున పప్పు తాలింపు వేస్తుంటే బ్రోకర్ ఫోన్.

"అక్కా, ఏడున్నవ్?"

"ఇంట్ల. ఏంది?"

"మిషన్ దిగిందక్కా. వాగు అవతల."

"ఎవరు దింపిన్రు?"

"కంపెనోళ్లు. నువ్వు జల్దీ రా. ఫోన్ల చెప్పేది కాదు." అతని గొంతు ఎప్పుడూ అంత సన్నగా వినలేదు. వెనక ఎవరో ఆడవాళ్లు గట్టిగా అరుస్తున్నారు.

పార్ట్‌నర్‌కు చేశాను, ఎత్తలేదు. మేనేజర్ ఎత్తి, "డ్రైవింగ్‌లో ఉన్నా మేడమ్, చేస్తా" అని పెట్టేశాడు. పొయ్యి ఆపి కారు తీశాను. రోడ్డు నిండా కల్యాణానికి కాలినడకన పోయేవాళ్లు, పసుపు బట్టలు, నెత్తి మీద సంచులు. హారన్ కొడుతూ, ఆగుతూ, మళ్లీ కొడుతూ పోయాను. దారిలో బ్రోకర్‌కు రెండుసార్లు చేశాను. మోగుతోంది గానీ ఎత్తడం లేదు.

తోటలో కారు ఆపి వాగులోకి దిగాను. నీళ్లు అక్కడక్కడ మడుగుల్లోనే ఉన్నాయి. అవతలి ఒడ్డును చెక్కి మిషన్ ఎక్కేందుకు బాట చేశారు. పచ్చి మట్టి. ఆ బాట ఎక్కగానే ఇప్పపువ్వు వాసన గుప్పుమంది. ఎప్పుడూ గాలిలో పలచగా ఉండే వాసన, ఆరోజు ముక్కు మూసుకునేంత ఉంది. చేను మధ్యలో పసుపుపచ్చ జేసీబీ ఆగి ఉంది. దాని ముందు పెద్ద ఇప్పచెట్టు వేళ్లతో సహా పక్కకు ఒరిగి ఉంది. కొమ్మల కింద పువ్వు రాశిగా పడి నలిగిపోయింది. ముళ్లకంప కంచె మట్టిలో తొక్కుకుపోయింది.

చుట్టూ ఊరంతా ఉంది. పువ్వు ఏరుకునేందుకు తెల్లవారకముందే వచ్చిన ఆడవాళ్లు గంపలు పక్కన పెట్టి నిలబడ్డారు. మగవాళ్ల భుజాల మీద గొడ్డళ్లు. అడవికి పోయేటప్పుడు ఎవరి భుజం మీదైనా ఉండేవే. నేను ఆ దారిలో వందసార్లు చూసి ఉంటాను. ఆరోజు మాత్రం నా చూపు వాటి మీంచి పక్కకు పోలేదు. మిషన్ ఆపరేటర్ ఒక వేరు మీద తల మీద తువ్వాల కప్పుకుని కూర్చున్నాడు. బ్రోకర్ అతనికి కాస్త దూరంలో, తెల్ల చొక్కాకు ఎర్రమట్టి అంటుకుని, నిలబడి ఉన్నాడు.

"మేనేజర్ ఏడి?" అన్నాను.

"జనం రాంగనే కారెక్కి పోయిండు. పోలీసోళ్లను తెస్తడట."

ఒకామె నా ముందుకు వచ్చింది. నా ఈడుదే. గట్టి చేతులు, భుజం మీద తువ్వాల. ఆ చేను ఆమెది, ఆ చెట్టు పువ్వు వాళ్ల ఇంటిది. ఏ చెట్టు ఏ ఇంటిదో అక్కడ అందరికీ ఎరుకే. వేరేవాళ్లు ఆ చెట్టు కింద ఒక్క పువ్వు ముట్టరు.

"అవతలి తోట నీదేనా?" అంది.

"నాదే. సగం నాది."

"ఈ మిషన్ నీదేనా?"

"కాదు. నేను పంపలేదు."

"బాట నీ తోటకే గద?"

"అవ్" అన్నాను.

ఆమె నా కుడిచేతి వైపు చూసింది. కారు తాళంచెవి నా గుప్పిట్లో ఉంది. చెయ్యి చాపింది. నేను ఇవ్వలేదు. ఆమె నా వేళ్లు ఒక్కొక్కటే విప్పి తీసుకుంది. నొప్పి పెట్టలేదు, తొందరా పడలేదు. తీసి కొంగున ముడేసుకుంది.

"కూచో. మిషన్ తోలిచ్చినోడు వచ్చిందాక కూచో."

చేనులో కావలి మంచె ఉంది. దాని నీడలో కూర్చున్నాను. బ్రోకర్ వచ్చి పక్కన కూలబడ్డాడు. మా చుట్టూ వాళ్లు కోయభాషలో మాట్లాడుకుంటున్నారు. గొంతు లేచినప్పుడల్లా నా గురించేమో అనుకునేదాన్ని. ఒకామె చెంబుతో నీళ్లు తెచ్చి ముందు ఆపరేటర్‌కు, తర్వాత నాకు ఇచ్చింది. బ్రోకర్‌కు ఇవ్వలేదు.

ఫోన్ మోగింది. పార్ట్‌నర్.

"అమ్మాయ్, ఎక్కడున్నావ్?"

"మిషన్ దగ్గర. అన్నయ్యగారూ, వీళ్లు మనకు చెప్పకుండా..."

"నువ్వెందుకెళ్లావమ్మా అక్కడికి!" అన్నాడు. "నాకు తెలుసు. కంపెనీ వాళ్లు చెప్పారు. నీకు చెబితే ఒప్పుకోవని నేనే చెప్పొద్దన్నాను."

ఫోన్ ఇంకో చెవికి మార్చుకున్నాను.

"నా చేను బ్యాంకులో ఉంది అమ్మాయ్. దారి లేకపోతే కంపెనీ వెనక్కి పోతుంది. వెనక్కి పోతే నేనేమవుతానో నీకు తెలుసు. చేను వాళ్లలోనే ఎవరో ఒకాయన దారికి ఒప్పుకున్నాడన్నారు. ఇంత గొడవవుతుందని నేననుకోలేదు. నువ్వు ముందు అక్కణ్నుంచి బయటపడు."

"తాళంచెవి తీసుకున్నారు" అన్నాను.

ఆయన అయ్యో అన్నాడు. పెట్టేశాడు.

కొద్దిసేపటికే మేనేజర్ ఫోన్ చేశాడు. ఈసారి గొంతులో ఉత్సాహం ఉంది.

"మేడమ్, మీ పార్ట్‌నర్ అన్నారు, మీ కీ లాక్కున్నారట కదా? మిమ్మల్ని పోనివ్వట్లేదా?"

"మీరు ముందు ఇక్కడికి రండి."

"వస్తున్నా మేడమ్, పోలీస్ స్టేషన్‌లోనే ఉన్నా. అంతా కల్యాణం బందోబస్తుకు వెళ్లారు, అందుకే లేట్. మీరు అక్కడే ఉండండి. కదలొద్దు. వాళ్లు మిమ్మల్ని ఎంతసేపు ఆపితే మనకు అంత మంచిది. ఎస్సైగారు వచ్చాక ఒక్క మాట చెప్పండి, నిర్బంధించారని. ఆయుధాలు కూడా ఉన్నాయి కదా చేతుల్లో? కేసైతే ఊళ్లో మగాళ్లెవరూ ఉండరు. పది రోజుల్లో రోడ్ అయిపోతుంది."

ఎండ నెత్తి మీదికి వచ్చింది. ఫోన్ ఒళ్లో పెట్టుకుని ఎదురుగా చూశాను. తాళంచెవి తీసుకున్నామె కూలిన చెట్టు కింద కూర్చుని, నలగని పువ్వును ఏరి గంపలో వేస్తోంది. మధ్యమధ్య తలెత్తి నేనున్నానో లేదో చూస్తోంది.

"ఒప్పుకున్నాయన ఎవరు?" అని బ్రోకర్‌ను అడిగాను.

"ఆమె మరిది అక్కా. ఇల్లందుల ఉంటడు, ఆటో తోల్తడు. చేను ఆమె చేస్తది. పట్టా ఆమె మామ పేరు మీదనే ఉన్నది. ఇద్దరికీ హక్కే అని..."

"నువ్వు చూపించినవా?"

"మనిషిని చూపిచ్చిన. మాట వాళ్లు మాట్లాడుకున్నరు."

"నేను వద్దన్న తర్వాత."

"అవ్ అక్కా." ఈసారి నవ్వలేదు.

"మరి నువ్వు ఎందుకు పారిపోలే? మేనేజర్ పోయిండు గద."

అతను మట్టిలో పుల్లతో గీతలు గీస్తూ అన్నాడు, "మేనేజర్‌కు హైదరాబాద్ ఉన్నది. నేను ఏడికి పోవాలె? ఈ ఊర్ల ప్రతి ఇంట్ల నా నంబర్ ఉన్నది. ఈరోజు ఉరికితే రేపు ఏ ఊర్లెకు పోయినా నన్ను నిలబడనియ్యరు."

మధ్యాహ్నం దాటాక ఎవరో ఆ మరిదిని మోటారుసైకిల్ మీద తీసుకొచ్చారు. సన్నటి మనిషి, ఖాకీ చొక్కా. వాళ్ల పెద్ద, పటేల్ అంటారు, ఒక రాయి మీద కూర్చుని ఏదో అడిగాడు. మరిది తలెత్తలేదు. మళ్లీ అడిగాడు. మరిది చెయ్యెత్తి బ్రోకర్‌ను చూపించాడు.

అందరూ ఒక్కసారి ఇటు తిరిగారు. ఒక మగమనిషి నాలుగంగల్లో వచ్చి బ్రోకర్ కాలర్ పట్టుకుని పైకి లేపాడు. గొడ్డలి అతని భుజం మీదే ఉంది. నేను లేచి నిలబడ్డాను. బ్రోకర్ చేతులు అడ్డం పెట్టుకోలేదు.

"నేనే చూపిచ్చిన. తప్పే. కొడితే కొట్టున్రి" అన్నాడు.

చెట్టు కిందామె అక్కడి నుంచే కోయభాషలో ఏదో గట్టిగా అంది. చిన్న మాట. కాలర్ పట్టుకున్న మనిషి ఊపిరి బుసకొడుతూ అట్లాగే నిలబడ్డాడు. ఆమె మళ్లీ అంది. అతను వదిలేసి పక్కకు ఉమ్మేసి పోయాడు. బ్రోకర్ గుండీలు తెగిన చొక్కాను దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. ఆ తర్వాత ఎంతసేపయినా మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు.

జీపు వచ్చేసరికి నీడలు సాగుతున్నాయి. ఎస్సై, ఇద్దరు కానిస్టేబుళ్లు. వెనక కంపెనీ కారు. ఎస్సై కళ్లు ఎర్రగా ఉన్నాయి, నిద్రలేనట్టున్నాడు. మేనేజర్ కారు దిగుతూనే ఫోన్ పైకెత్తి వీడియో తియ్యడం మొదలుపెట్టాడు. ముందు గొడ్డళ్ల వైపు తిప్పాడు, తర్వాత నా వైపు.

"చెప్పండమ్మా" అన్నాడు ఎస్సై. "మిమ్మల్ని పొద్దుట్నుంచి ఇక్కడ ఆపినారా?"

ఆమె గంప వదిలేసి లేచి నిలబడింది. కొంగు ముడి నాకు కనపడుతోంది. ఎస్సైకి కూడా కనపడుతుంది.

ఆపారన్నది నిజం. తాళంచెవి గుంజుకున్నారన్నది నిజం. పొద్దుట్నుంచీ నేను భయపడుతూ కూర్చున్నదీ నిజమే. ఆ నిజం చెప్తే చాలు, నేను కారెక్కి ఇంటికి పోతాను. పార్ట్‌నర్ చేను నిలుస్తుంది. వాన నీళ్లలో తడిసి నా కోసం నిలబడ్డ మనిషి చేను. కేసులో మొదటి పేరు ఈమెది ఉంటుంది. రెండోది కాలర్ పట్టుకున్నాయనది. మూడోది ఆ ముసలి పటేల్‌ది.

"మేడమ్, భయపడకండి. చెప్పండి" అన్నాడు మేనేజర్ ఫోన్ దించకుండానే.

"నన్నెవరూ ఆపలేదు సార్" అన్నాను. "నేనే వచ్చిన. ఇట్ల జరిగిందని తెలిసి మాట్లాడదామని వచ్చి కూచున్న. మా తోటకు దారి వాగు ఇవతల ఉంది. అవతల దారి నేను అడగలేదు, వద్దన్నాను. ఆ చెట్టు కూల్చింది కంపెనీ వాళ్లు. ఆపరేటర్‌ను అడగండి, ఎవరు తోలమన్నారో."

ఎస్సై ఆమె కొంగు వైపు చూశాడు. "మరి మీ కారు తాళంచెవి?"

"చేతిల పట్టుకొని తిరిగితే పోతదని ఇచ్చి పెట్టుకొమ్మన్న."

ఆయన నన్ను చాలాసేపు చూశాడు. నమ్మలేదని నాకు తెలుస్తూనే ఉంది. తర్వాత ఆపరేటర్ వైపు తిరిగాడు. ఆపరేటర్ తువ్వాల తీసి, చూపుడువేలుతో మేనేజర్‌ను చూపించాడు.

"మీరు ఏం చేస్తున్నారో మీకు తెలుసా మేడమ్?" మేనేజర్ ముఖంలో మెత్తదనం పోయింది. "ఇది అగ్రిమెంట్ బ్రీచ్. మీ పార్ట్‌నర్‌తో మాట్లాడండి." నంబరు నొక్కి తన ఫోన్ నా చేతికిచ్చాడు.

నేను జరిగింది చెప్పాను.

"సరే అమ్మాయ్" అన్నాడు ఆయన. అంతే.

పటేల్ ఎస్సైతో, చెట్టు సంగతి తేలేదాకా మిషన్‌ను కదలనివ్వం అన్నాడు. ఎస్సై తహసీల్దారుకూ, అటవీశాఖ వాళ్లకూ ఫోన్లు చేశాడు. మరుసటి రోజు సర్వే అన్నారు. జనం ఒక్కొక్కరే కదిలారు. ఆమె నా దగ్గరికి వచ్చి కొంగు ముడి విప్పింది. ముడి బిగుసుకుపోయి పంటితో విప్పాల్సివచ్చింది. తాళంచెవి నా అరచేతిలో పెట్టింది. మెచ్చుకోలు లేదు, కోపం లేదు.

"పో. పొద్దుగూకుతది" అంది.

వాగు దిగుతుంటే బ్రోకర్ నా వెనక వచ్చాడు. "అక్కా, గట్ల చెప్తవనుకోలె" అన్నాడు. నేను తోటలోకి ఎక్కి కారు తీశాను. రోడ్డెక్కాక నడకవాళ్ల మధ్యలో కారు ఆపి, స్టీరింగ్ మీద తల పెట్టి ఏడ్చాను. ఒక ముసలామె అద్దం మీద తట్టి, "ఏమైంది బిడ్డా, మంచిగున్నవా?" అని అడిగింది. మంచిగున్ననన్నాను.

సర్వేలో ఆ చేను ఏజెన్సీదేనని, దారి చెల్లదని తేలింది. మరిది ఒక్కడి మాటకు విలువ లేదన్నారు. కంపెనీ మీద చెట్టు కేసు పెట్టారు. జరిమానా కట్టి మిషన్ తీసుకుపోయారని విన్నాను. కంపెనీ మాకు లాయర్ నోటీసు పంపి, అడ్వాన్సు వడ్డీతో వెనక్కి అడిగింది. నా వంతు ఖమ్మంలో రెండు ప్లాట్లు అమ్మి కట్టాను. పార్ట్‌నర్ వంతులో కూడా కొంత ఇస్తానని మా ఆయనతో కబురు పంపాను. పార్ట్‌నర్ అక్కర్లేదన్నాడు. రైలు పట్టాల పక్కనున్న మిర్చి చేను అమ్మేశాడు. ఆ చేను ఆయన తండ్రి వచ్చిన కొత్తలో కొన్నది.

తోటను కూడా పంచుకున్నాం. సర్వేయర్ గొలుసు పట్టి కొలుస్తుంటే ఆయన ఒక చివర, నేను ఒక చివర. వాగు వైపు ముక్క ఎవరికీ వద్దు. నేను తీసుకుంటానన్నాను. సంతకాలయ్యాక ఆయన బండెక్కి వెళ్లిపోయాడు.

ఆ మరుసటేడు నా ముక్కలో జామాయిల్ కొట్టించే బేరం మాట్లాడ్డానికి పోయినప్పుడు, వాగులో ఆ తాళంచెవి తీసుకున్నామె కనపడింది. ఇసుకలో తవ్విన చెలమలో నీళ్లు తోడుకుంటోంది. నన్ను గుర్తుపట్టింది. ఎట్లున్నవని అడుగుతుందేమో అనుకున్నాను.

"నీ చెట్లు ఎప్పుడు కొట్టిస్తవ్?" అంది. "మా బాయిల నీళ్లన్నీ అవే తాగుతున్నయ్."

"ఈ నెలలోనే."

"మల్ల చిగురిస్తయ్ గద."

జామాయిల్ కొట్టిన మోడు నుంచే మళ్లీ లేస్తుంది, దాని లాభమే అది. ఆ సంగతి ఆలోచిస్తూ ఇంటికొచ్చాను. మా బ్రోకర్‌ను పిలిచి మోళ్లు కూడా తవ్వించెయ్యమన్నాను. "దండుగ అక్కా" అన్నాడు గానీ తవ్వించాడు. ఇప్పుడు అక్కడ కౌలుకిచ్చిన పెసర చేను ఉంది. అతను నాకు ఇప్పటికీ స్థలాలు చూపిస్తాడు, ఇప్పటికీ అబద్ధాలు చెప్తాడు. వాగు అవతలి మాట మాత్రం ఎత్తడు. ఆ గూడెంలో ఒక పెళ్లికి అతణ్ని పిలవలేదని చాలా రోజులు బాధపడ్డాడు.

మొన్న పార్ట్‌నర్ మనవరాలి ఓణీల ఫంక్షన్‌కు పిలుపొచ్చింది. ఆయన రాలేదు, ఆయన భార్య వచ్చి బొట్టు పెట్టి పిలిచింది. వెళ్లాలా వద్దా అని రెండు రోజులు తన్నుకులాడి, మా ఆయన్ను తీసుకుని బోనకల్ వెళ్లాను. భోజనాలయ్యాక చేతులు కడుక్కునే చోట ఆయనే ఎదురయ్యాడు. బాగా తగ్గాడు. తువ్వాల అందించాడు.

"నువ్వు చెప్పింది తప్పని నేనెప్పుడూ ఎవరి దగ్గరా అనలేదు" అన్నాడు ఉన్నట్టుండి. "కానీ నన్నొక మాట అడక్కుండా చెప్పావు."

"మీరూ నన్ను అడక్కుండా చేశారు."

"చేశాను" అన్నాడు.

షామియానా లోపల్నుంచి ఫోటోకు రమ్మని ఎవరో పిలిచారు. ఆయన నా చేతిలోంచి తువ్వాల తీసుకుని, తన చేతులు కూడా తుడుచుకుని, దండెం మీద ఆరేసి వెళ్లాడు.

ఆ తర్వాత మేమిద్దరం కలిసి ఏ భూమీ కొనలేదు. ఫోన్ చేస్తే మాత్రం ఎత్తుతాడు.